గాదెలో లేని వాక్యం

గుండ్లకమ్మ విశ్వవిద్యాలయంలో సువార్తమ్మ వస్తోందంటే ప్రొఫెసర్లు మెట్లు దిగి వెనక గేటు దారి పట్టేవాళ్లు. నేనేమీ పులిని కాను. లైబ్రరీలో డిప్యూటీ లైబ్రేరియన్‌ని. వాళ్లని ముప్పై ఏళ్లుగా అడిగింది ఒకే ఒక్క మాట: "సార్, పత్రం గాదెలో పెట్టారా?"

గాదె అంటే మా రిపోజిటరీ. ఆ పేరు నేనే పెట్టాను. మనవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని పరిశోధన చేస్తారు, పత్రం రాస్తారు, ఎక్కడో దూరదేశపు పత్రికకు పంపుతారు. ఆ పత్రిక దాన్ని అందంగా అచ్చువేసి తాళం వేసుకుంటుంది. చందా కట్టినవాడికే తాళంచెవి. అయితే ఒప్పందంలో ఒక సందు ఉంటుంది. పత్రిక అచ్చుకు ఒప్పుకున్న రోజున రచయిత దగ్గర ఏ టైపు ప్రతి ఉందో, దాన్ని తన విశ్వవిద్యాలయపు గాదెలో పెట్టుకోవచ్చు, లోకంలో ఎవరైనా చదువుకోవచ్చు. పండించినవాడికి ఆమాత్రం గింజలు ఇంట్లో ఉంచుకునే హక్కు ఉండాలి కదా. ఆ సందు కోసం నేను ఎందరితో పోట్లాడానో లెక్కలేదు. చదువు తాళం కప్పలో ఉండకూడదని నా నమ్మకం, ఇప్పటికీ అదే నమ్మకం.

ప్రొఫెసర్లు మాత్రం కదిలేవాళ్లు కాదు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా "రేపు పెడతానమ్మా" అనేవాళ్లు. ఆ రేపు వచ్చేది కాదు. చివరికి వాళ్లే ఒక ఉపాయం చెప్పారు. తమ మెయిల్ పాస్‌వర్డులు నా చేతికిచ్చి, మీరే పెట్టేసుకోండి అన్నారు. అట్లా అందరి పాస్‌వర్డులూ నా నల్ల డైరీలోకి వచ్చాయి. పత్రం ఒప్పుకున్నట్టు మెయిల్ రాగానే నేనే తెరిచి, ఫైలు తీసి, గాదెలో వేసేదాన్ని. ఫారంలో ఒక గడి ఉండేది, 'ఇదే చివరి ప్రతి' అని. రచయిత టిక్కు పెట్టాల్సిన గడి అది. నేనే పెట్టేసేదాన్ని. ఆరువేల రెండు వందల పత్రాలు, ఆరువేల రెండు వందల టిక్కులు. రాష్ట్రంలో నూటికి నూరు శాతం గాదె నింపిన విశ్వవిద్యాలయం మాదేనని వైస్ ఛాన్సలర్ గారు నాకు శాలువా కప్పారు. ఆ ఫొటో మా ముందుగదిలో ఇంకా ఉంది. దాని వంక చూడటం మానేశాను.

ఆ పత్రాల్లో ఒకటి జంతుశాస్త్రం ప్రొఫెసర్ చేజర్ల భానుమూర్తి గారిది. తొమ్మిదేళ్ల కిందటి మాట. కొర్రమీను ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది. ఆ గీత వెంట సన్నని నూగు ఉంటుందట, నీటి కదలిక దాంతోనే చేపకు తెలుస్తుందట. అది ఊడితే మళ్లీ మొలుస్తుంది. మన చెవి లోపల కూడా అట్లాంటి నూగే ఉంటుంది గానీ, ఒకసారి పోతే పోయినట్టే. భానుమూర్తి గారు కొర్రమీనులో ఆ మొలిపించే పదార్థాన్ని పట్టుకుని చుక్కలుగా చేశారు. ఆరువారాల పరీక్షల్లో మనుషులకు వినికిడి వచ్చింది. పెద్ద పత్రిక ఒప్పుకుంది. నేను మర్నాడు పొద్దున్నే గాదెలో వేశాను, టిక్కు పెట్టాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్లకు మర వచ్చింది. సర్కారు కాగితాల్లో దానికి బారెడు పేరుంది గానీ జనం చదువుమర అంటారు. బీరువా అంత ఉంటుంది. పిండిమరలో బియ్యం పోస్తే పిండి వచ్చినట్టు, దానికి పరిశోధన పత్రం అందితే అందులో చెప్పిన మందు తయారుచేస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు జబ్బు పేరు కొడితే చాలు. దేశంలోని గాదెలన్నీ వెతికి, తగిన పత్రం తీసి, పాళ్లు కలిపి, మందు చేతికిస్తుంది. ఎట్లా వాడాలో పత్రంలో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చీటీ కొడుతుంది. ఒకటే షరతు, తాళం వేసిన పత్రం అది చదవలేదు. దాని దృష్టిలో తాళంలో ఉన్న మాట లోకంలో లేనట్టే.

మర వచ్చిన రోజున నేను ఏడ్చాను, సంతోషంతో. ముప్పై ఏళ్లుగా ఎందుకు పోట్లాడానో ఆ రోజు అందరికీ తెలిసింది అనిపించింది. నా గాదె నిండుగా ఉంది కాబట్టే ఊళ్లలో మందు పుడుతోంది అని గర్వపడ్డాను.

నా తమ్ముడు ఏలియా నల్లరాయిపాడులో ఉంటాడు. చీమకుర్తి అవతల గ్రానైటు క్వారీల ఊరు అది. ఇరవై రెండేళ్లు రాయికి డ్రిల్లు పట్టాడు. ఆ మోతకు చెవులు పోయాయి. పద్దెనిమిదేళ్లుగా చెవుడు. ఇప్పుడు పాలిషింగు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. వాడి భార్య కరుణమ్మ గొంతు మా బంధువుల్లో ప్రసిద్ధి. పెళ్లయిన కొత్తలో పిలిస్తే పలికేది కాదు, అంత మెత్తటి మనిషి. మొగుడికి చెవుడొచ్చాక అరవడం నేర్చింది. కూర ఏమిటన్నా అరుపే, ఒళ్లు నొప్పులన్నా అరుపే. గోడలకు చెవులుంటాయంటారు, వాళ్లింటి విషయంలో గోడలదాకా అక్కర్లేదు, వీధి చివర బడ్డీకొట్టుకే అన్నీ వినిపించేవి. మొగుడూ పెళ్లాల మధ్య చెప్పుకోవాల్సిన మాటలు మాత్రం మానేసింది. అవి అరిచి చెప్పేవి కావు.

జనవరిలో వాళ్ల ఊరి ఆరోగ్య కేంద్రానికి మర వచ్చింది. ఏలియాను తీసుకెళ్లింది నేనే. మర చీటీ కొట్టింది. దాని మీద పత్రం పేరు, కింద మా విశ్వవిద్యాలయం పేరు. చీటీని డాక్టరమ్మకి చూపించి, ఇది నేను పెట్టిన పత్రమేనండీ అన్నాను. ఆవిడ నవ్వి సంతకం చేసింది. చీటీలో ఇట్లా ఉంది: 'వారానికి ఒకసారి, వినికిడి తృప్తిగా వచ్చేవరకు వేయవచ్చు.'

శనివారం శనివారం చుక్కలు వేసేవాళ్లు. కరుణమ్మ చర్చి క్యాలెండరు మీద శనివారాలకు ఇంటూ గుర్తు పెట్టేది. నాలుగో వారానికి లారీ హారను వినిపించింది. అయిదో వారం అన్నం పెడుతూ కరుణమ్మ "పప్పు వెయ్యనా" అని అరిస్తే, ఏలియా ఉలిక్కిపడి, ఎందుకే అంత అరుస్తావు అన్నాడట. ఆ మనిషి గరిటె అక్కడే వదిలి కూలబడి ఏడ్చిందట. ఆ రోజు నుంచి మెల్లగా మాట్లాడటం మళ్లీ మొదలుపెట్టింది. మొదట్లో రాలేదు. మధ్యమధ్యలో గొంతు దానంతటదే పైకి లేచేది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను వెళ్లిన రోజున మరదల్ని ఆటపట్టించాను, ఇప్పుడు బడ్డీకొట్టువాడికి ఏమీ తోచదు పాపం అని. సిగ్గుపడింది. యాభై ఏళ్ల మనిషి సిగ్గుపడితే చూడటానికి ఎంత బాగుందో.

ఎనిమిదో వారంలో ఏలియా నన్ను అడిగాడు, మాటలు బాగానే వినపడుతున్నాయి కదా, ఇక ఆపేద్దామా అని. ఆ మాట నేను మర్చిపోలేను. వాడికి ఇంకో కోరిక ఉంది, అది కూడా చెప్పాడు. తెల్లవారుజామున కరుణమ్మ గోడ వైపు తిరిగి పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటుంది. ఏమడుగుతుందో వాడికి తెలుసుకోవాలని ఉంది. అది ఇంకా వినపడటం లేదు.

"మరి తృప్తిగా వచ్చేదాకా అని పత్రంలో ఉంది కదరా. వేసుకో. నేను పెట్టిన పత్రం అది, నాకు తెలియదా" అన్నాను.

వాడు వేసుకున్నాడు. పదకొండో వారంలో ఫోను చేసి పడీపడీ నవ్వాడు. పద్దెనిమిదేళ్లుగా నా మీద దేవుడికి చాడీలు చెప్తందక్కా, ఈయనకి కోపం తగ్గించయ్యా, పెంకితనం తగ్గించయ్యా అని రోజూ అదే పని అన్నాడు. వెనకాల కరుణమ్మ ఏదో అంటోంది. నాకు వినపడలేదు, వాడికి వినపడింది. నేనూ నవ్వాను. ఇంకో మూడు శనివారాలు గడిచాయి.

ఏప్రిల్ నెలలో నేను కాజాలు కట్టించుకుని భానుమూర్తి గారింటికి వెళ్లాను. ఆయన రిటైరై ఒంగోలులోనే ఉంటున్నారు. మా తమ్ముడి సంగతంతా చెప్పాను. మీ చలవే సార్ అన్నాను. ఆయన చాలా సంతోషించారు. బీరువా తెరిచి, ఆ పత్రిక వాళ్లు అప్పట్లో ఆయనకు పంపిన అచ్చుప్రతి ఒకటి తీసి, 'శ్రీ ఏలియా గారికి' అని రాసి సంతకం చేసి ఇచ్చారు. ఎన్ని వారాలు వేశారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ పత్రిక మా లైబ్రరీకి రాదు. రాకుండా ఆపించింది నేనే. మనవాళ్లు రాసింది మనమే చందా కట్టి చదువుకోవడం ఏమిటని ధర్నా చేసి మాన్పించాను. అందుకని ఆ అచ్చుప్రతిని నేను చూడటం అదే మొదలు. అది ఏలియాకు ఇద్దామని నల్లరాయిపాడు బస్సెక్కి, కిటికీ పక్క కూర్చుని తిరగేశాను. గాదెలోని ప్రతి నాకు దాదాపు కంఠతా వచ్చు. మర వచ్చాక ఆ పత్రాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో. చదువుతూ చదువుతూ ఏడో పేజీలో ఆగిపోయాను. నేనెరగని వాక్యం ఒకటి కనిపించింది.

'ఆరు వారాలు దాటి వేయరాదు. దాటితే మొలిచిన నూగు ఏడాదిలోపు పూర్తిగా రాలిపోతుంది, తిరిగి మొలవదు.'

మూడుసార్లు చదివాను. నా ఇంగ్లీషు తప్పేమో అనుకున్నాను. తప్పు కాదు.  నల్లరాయిపాడు స్టాపులో దిగి, అక్కడే నిలబడి ఇంకోసారి చదివాను. కాసేపటికి ఇంటికి వెళ్లాను. గడపలోంచే క్యాలెండరు కనిపించింది. పద్నాలుగు ఇంటూ గుర్తులు. కరుణమ్మ ఏదో మెల్లగా చెబుతుంటే ఏలియా వంగి వింటున్నాడు. నన్ను చూసి, గేటు తియ్యకముందే నీ చెప్పుల చప్పుడు పట్టేశానక్కా అన్నాడు గొప్పగా. తలనొప్పి అని చెప్పి, మంచినీళ్లు తాగి, అచ్చుప్రతి సంచిలోంచి తియ్యకుండానే తిరిగొచ్చేశాను. చుక్కలు మాత్రం ఈ వారం వెయ్యొద్దు, డాక్టరమ్మని అడగాలి అన్నాను. ఎందుకని వాడు అడిగేసరికి గేటు దాటేశాను.

మర్నాడు భానుమూర్తి గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆ పేజీ తెరిచి చూపించి, ఇది గాదెలో ఎందుకు లేదు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, మీ వాళ్లు ఎన్ని వారాలు వేశారు అని అప్పుడు అడిగారు. చెప్పాను. కుర్చీలో కూర్చుండిపోయారు.

జరిగింది ఇది. పరీక్షలన్నీ ఆరువారాలవే. పత్రం ఒప్పుకున్నాక కూడా వాళ్ల ల్యాబులో కొన్ని ఎలుకలకు చుక్కలు వేయడం ఎవరూ ఆపలేదు. ఏడాది తిరిగేసరికి వాటికి చెవులు మొత్తం పోయాయి. అప్పుడే పత్రిక నుంచి ప్రూఫులు వచ్చాయి, నలభై ఎనిమిది గంటల్లో దిద్ది పంపాలి. ఆయన ఆ వాక్యాన్ని ప్రూఫులోనే, పత్రిక వాళ్ల వెబ్‌సైటులోనే చేర్చారు. కాబట్టి ఆ వాక్యం పత్రిక తాళంలో ఉండిపోయింది. ఆయన కంప్యూటరులో లేదు, గాదెలో లేదు.

"నేను మీకు రాశాను సువార్తమ్మ గారూ," అన్నారు ఆయన, నా మొహం వంక చూడకుండా. "వీలైతే గాదెలో ప్రతి కూడా మార్చండి అని. మీరు జవాబిచ్చారు."

లైబ్రరీకి వెళ్లి పాత మెయిళ్లు వెతికాను. ఉంది. ఆయన రాసింది రెండు లైన్లు. ఏ వాక్యమో ఆయన చెప్పలేదు, ఏ వాక్యమని నేను అడగలేదు. నేను అందరికీ పంపే అచ్చుజవాబు పంపాను: 'ప్రూఫు దశలో చేసిన మార్పులు పత్రిక హక్కు. ఒప్పందం ప్రకారం వాటిని గాదెలో చేర్చరాదు. దయచేసి గమనించగలరు.' పంపిన సమయం కూడా ఉంది, ఆయన మెయిల్ వచ్చిన నాలుగు నిమిషాలకు. నిబంధనలు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవని నాకు పేరు. ఆ పేరు నిలబెట్టుకున్నాను.

ఆయన మీద కోపం రాలేదా అంటే వచ్చింది. చెవులు పోయే సంగతిని రెండు లైన్లలో రాస్తారా, ఫోను లేదా, మనిషిని పంపలేరా అని అరిచాను కూడా. అప్పటికి మర లేదు, పత్రాలు చదివేది పండితులే, వాళ్లు అచ్చుప్రతి చూసుకుంటారులే అనుకున్నానమ్మా అన్నారు. నిజమే. అయినా ఆయన్ని తిట్టి నేను తప్పించుకోలేను. గాదెకు కాపలా నేను. ఆ గడిలో టిక్కు నాది. ఎనిమిదో వారంలో వేసుకోరా అన్న నోరు నాది.

మరలన్నిటి నుంచీ లెక్క తీయించాను, అంకెలే ఇచ్చారు గానీ పేర్లు ఇవ్వలేదు. రాష్ట్రంలో నాలుగు వందల పదహారు మంది ఆ చుక్కలు వేసుకుంటున్నారు. ఎనభై ఏడుగురు ఇంకా ఆరు వారాలు దాటలేదు. వాళ్లను ఆపగలిగితే వాళ్ల చెవులు ఉంటాయి. దాటినవాళ్లకు చేయగలిగిందేమీ లేదు, భానుమూర్తి గారిని కాళ్లావేళ్లా పడి అడిగాను, లేదన్నారు. ఆ రోజు మంగళవారం. శనివారం అన్ని కేంద్రాల్లోనూ మళ్లీ చుక్కల రోజు.

ముందు అచ్చుప్రతినే గాదెలో వెయ్యబోయాను. పత్రిక హక్కున్న పాఠమని గాదె తోసేసింది. పత్రికకు రాశాను. మీ విన్నపం అందింది, ఆరు వారాల్లో పరిశీలిస్తాం అని జవాబు. ఆరు వారాలట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరోగ్య శాఖకు ఫోను చేస్తే, మర పత్రాన్నే నమ్ముతుంది, మనుషుల మాట మీద చీటీ మార్చడానికి లేదు, ఆధారం పంపండి, కమిటీ కూర్చుంటుంది అన్నారు. ఆ నమ్మకం దానికి నేర్పింది మాలాంటివాళ్లమే.

రిజిస్ట్రార్ కోదండపాణి గారు చెడ్డమనిషి కాదు. ఒప్పందం మీరితే పత్రిక వాళ్లు గాదె మొత్తానికి తాళం వేయిస్తారు మేడమ్, మన పత్రాల మీద నడిచే మందులన్నీ ఆగిపోతాయి, ఆ పాపం ఎవరు మోస్తారు అన్నారు. అది నిజం.  లాయరు అభిప్రాయం వచ్చేదాకా ఆగమన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఒకప్పుడు ప్రొఫెసర్లు నన్ను చూసి దిగి పారిపోయిన మెట్లే అవి.

అక్కడే తట్టింది నాకు. వాళ్ల హక్కు ఆ వాక్యం మీద. ఆరు వారాలు దాటితే చెవి పోతుందన్న నిజం మీద కాదు. నిజాన్ని నా మాటల్లో నేను చెబితే ఎవరి ఒప్పందమూ అడ్డం రాదు. కానీ మర ఉత్తరాలు చదవదు, విన్నపాలు చదవదు. పత్రమే చదువుతుంది. అయితే పత్రమే రాస్తాను.

ఆరువేల రెండు వందల పత్రాలు గాదెలో వేసినదాన్ని, నా జన్మలో ఒక్కటీ రాయలేదు. డాక్టరేటు లేదు నాకు. విశ్వవిద్యాలయం ఉద్యోగి ఎవరైనా ఒక రోగి వృత్తాంతాన్ని గాదెలో పెట్టవచ్చని రూలుంది. ఆ రూలు ఉన్నట్టు కూడా నాకొక్కదానికే తెలుసు. బుధవారం పొద్దున కూర్చున్నాను. తెలుగులోనే రాశాను. భానుమూర్తి గారు వచ్చి పక్కన కూర్చున్నారు. తన ఎలుకల రికార్డు పుస్తకం తెచ్చి ముందు పెట్టి, నా పేరు కూడా రాయండి అన్నారు. ఏలియా ఎన్ని వారాలు వేసుకున్నాడో రాశాం. ఆ వాక్యం గాదెలో ఎందుకు లేదో రాశాం. రిజిస్ట్రార్ గారు చూసి, ఆ భాగం తీసెయ్యండి మేడమ్, 'పొరపాటున' అని ఒక్క ముక్క చాలు, మీకింకా రెండేళ్ల సర్వీసు ఉంది అన్నారు. నా నాలుగు నిమిషాల జవాబు మెయిల్‌ని ఉన్నదున్నట్టు పత్రంలో పెట్టాను. పొరపాటున అని రాస్తే రేపు ఇంకో గాదెలో ఇంకో సువార్తమ్మ ఇదే పని చేస్తుంది.

ఒక్కటి మిగిలింది. రోగి అంగీకారం. పత్రమంతా రోగికి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. రూలు.

అది తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఏలియా సంతకం పెట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం పత్రం గాదెలోకి వెళ్లింది. 'ఇదే చివరి ప్రతి' అన్న గడిలో ఈసారి టిక్కు పెట్టలేదు. శనివారం పొద్దున మరలు ఏడో వారం చుక్కలు ఇవ్వడం మానేశాయి. చీటీ కింద కొత్త మాట కొట్టాయి, దాని పక్కన నా పేరు, భానుమూర్తి గారి పేరు. ఎనభై ఏడుగురికి చెవులు దక్కాయి. మిగతా మూడు వందల ఇరవై తొమ్మిది మంది చిరునామాలు ఆరోగ్య శాఖ ఇప్పుడిచ్చింది, ఒక్కొక్కరికీ ఉత్తరం రాస్తున్నాను, చేత్తో. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. రానీ.

గురువారం పొద్దున పది గంటలకు నల్లరాయిపాడు వెళ్లాను. ఫ్యాక్టరీ రాయి కోసే చప్పుడు ఊరంతా ఉంది. ఏలియా చెవుల్లో దూది పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దూది తీసేశాడు. కరుణమ్మ టీ ఇచ్చి పక్కన కూర్చుంది. నేను సంచిలోంచి కాగితాలు తీశాను. ఇది నీ గురించి రాసిన పత్రంరా, చదువుతాను, విని సంతకం పెట్టాలి అన్నాను. నా గురించి పత్రమా అని మీసం దువ్వుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాను. వయసు, పని, ఎన్నేళ్ల చెవుడు. అవునవునని తలూపాడు. అయిదో వారం, పప్పు సంగతి వచ్చేసరికి కరుణమ్మ వంక చూసి నవ్వాడు. ఎనిమిదో వారం వచ్చింది. రోగి ఆపేద్దామా అని అడిగినప్పుడు రచయిత్రి వేసుకోమని చెప్పింది అని చదివాను. వాడు నవ్వడం ఆపాడు. మెయిల్ చదివాను. ఎలుకల సంగతి చదివాను. కరుణమ్మకు ముందు అర్థమైంది. ఆమె చెయ్యి వెళ్లి వాడి మోకాలి మీద పడింది.

పత్రంలో చివరి వాక్యం వచ్చింది. దాని కింద వేలు పెట్టి మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్ల అలవాటు, వాడితో కష్టం చెప్పాలంటే అరవడమే నాకు తెలుసు. నా గొంతు వీధిలోకి పోతోంది. రోగికి వచ్చిన వినికిడి ఏడాదిలోపు పూర్తిగా పోతుంది, మళ్లీ రాదు, దీనికి బాధ్యురాలు అక్క అయిన రచయిత్రి అని అరుస్తున్నాను, ఏడుస్తున్నాను. బడ్డీకొట్టు దగ్గర జనం ఇటు తిరిగారు.

ఏలియా చేతిలోని దూది అరుగు మీద పెట్టాడు. కరుణమ్మ వాడి చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. ఏమందో నాకు వినపడలేదు. వాడు విన్నాడు, తలూపాడు. తర్వాత నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మళ్లీ నాకే ఇచ్చాడు.

"అరవబాక అక్కా," అన్నాడు. "మెల్లగా చదువు. ఇంకా ఇనపడతానే ఉంది."